ఒక్క చెవికి సరిపోయిన పాట

నేను ఒక మిక్సరుని. మిక్సీని కాదు. ఈ తేడా చెప్పుకోవడంలోనే నా జీవితం సగం గడిచిపోయింది. లారీలోంచి దించిన ప్రతిచోటా ఎవరో ఒకరు నా చుట్టూ తిరిగి చూసి, ఇంత పెద్దదాంట్లో ఎంత పప్పు రుబ్బుతారని అడిగారు. నేను రుబ్బేది పప్పు కాదు. అసలు రుబ్బను, కలుపుతాను. పాట రికార్డు చేసే గదిలో గాయకుడి ముందున్న మైకు తీగ, తబలా ముందున్న మైకు తీగ, వేణువు ముందున్న తీగ, అన్నీ వచ్చి నా వీపున గుచ్చుకుంటాయి. ఒక్కో తీగకు నా ఒంటి మీద ఒక్కో జారుడు మీట ఉంటుంది. దాన్ని ఫేడరు అంటారు. పైకి తోస్తే ఆ శబ్దం పెరుగుతుంది, కిందికి లాగితే తగ్గుతుంది. దాని పైన ఒక నాబ్ ఉంటుంది. ఎడమకు తిప్పితే శబ్దం ఎడమ స్పీకరులోకి, కుడికి తిప్పితే కుడి స్పీకరులోకి వెళుతుంది. అన్నీ సమంగా కుదిరాక రెండు పాయలు చేసి బయటికి పంపిస్తాను. అంతే నా పని. పాట నాలో పుట్టదు, నాలో నిలవదు.

నేను పుట్టింది ఇంగ్లండులో, ఎప్పుడూ ముసురు పట్టి ఉండే ఒక చిన్న ఊళ్ళో. ఒక పెద్దావిడ బల్ల ముందు కూర్చుని, రేడియో వింటూ, నా లోపలి తీగలకు టంకం పెట్టేది. ఆమె పేరు నాకు తెలియదు. ఆమె కూనిరాగం మాత్రం తెలుసు. ఓడ దిగాక రేవు గోదాములో చెక్కపెట్టె తెరిచి చూసిన ఒకాయన నన్ను టెలిఫోన్ ఎక్స్ఛేంజి అనుకున్నాడు. మనుషులు అర్థంకాని వస్తువును చూస్తే ముందు భయపడతారని, తర్వాత దానికి తాళం వేస్తారని ఆ గోదాములోనే నాకు తెలిసింది.

అక్కడినుంచి విజయవాడ గాంధీనగర్ వచ్చాను. సూరంపూడి వీరభద్రరావుగారనే ఆయన అప్పుడే కొత్తగా కేసెట్ల రికార్డింగు థియేటరు పెట్టారు. ఒకప్పుడు నాటకాలకు హార్మోనియం వాయించిన మనిషి. నన్ను బల్లమీద పెట్టగానే పసుపు రాసి, బొట్టు పెట్టి, నా నెత్తి మీదనే కొబ్బరికాయ కొట్టారు. ఆ నీళ్ళు ఎనిమిదో ఫేడరు సందులోంచి లోపలికి జారాయి. ఆనాటినుంచి ఆ ఫేడరును కదిపితే గరగరమంటుంది. అది అపశకునమని ఎవరూ అనుకోలేదు. అమ్మవారు పలికిందన్నారు.

వీరభద్రరావుగారికి నా మీదున్న ఇంగ్లీషు అక్షరాలతో పేచీ. అందుకని తెల్ల పట్టీలు అంటించి, వాటిమీద తెలుగులో రాసుకున్నారు: గాత్రం, తబలా, డోలక్, వేణువు, కోరస్ ఆడపిల్లలు. నాకు అక్షరాభ్యాసం అలా జరిగింది. భజనలు, హరికథలు, బుర్రకథలు, అయ్యప్ప దీక్ష రోజులొస్తే అయ్యప్ప పాటలు, ఎన్నికలొస్తే ఎన్నికల పాటలు. ఒకే గాయకుడు పొద్దున ఒక పార్టీకి, మధ్యాహ్నం భోజనం చేసొచ్చి రెండో పార్టీకి పాడేవాడు. బాణీ అదే, తబలా అదే. గుర్తు మారేది, అంతే. ఆయన గొంతులో నిజాయితీ రెండుసార్లూ ఒక్కలాగే ఉండేది. నేను కొలిచాను కనుక చెబుతున్నాను.

అవి మంచి రోజులు. థియేటరు వరండాలో చెప్పులు గుట్టపడేవి. తర్వాత కేసెట్లు పోయి సీడీలొచ్చాయి, కంప్యూటర్లొచ్చాయి. నా పని చిన్న గదుల్లో చిన్న పెట్టెలు చేయడం మొదలుపెట్టాయి. వరండాలో చెప్పులు తగ్గాయి. నా మీద దుప్పటి పడింది, దుప్పటి మీద పంచాంగాలు, క్యాలెండర్లు చేరాయి. చివరికి విశాఖపట్నంలో ఒక సంగీత కళాశాలవాళ్ళు కొత్త కోర్సు పెడుతూ పాత పరికరాల కోసం వెతుకుతుంటే వీరభద్రరావుగారు నన్ను వాళ్ళకిచ్చేశారు. లారీ ఎక్కించేటప్పుడు ఆయన దగ్గరికి రాలేదు. గేటు దగ్గర నిలబడి, పేపరు చదువుతున్నట్టు నటించారు.

కళాశాలలో గాత్రం, వీణ, వయొలిన్ ఎప్పటినుంచో ఉన్నాయి. కొత్త కోర్సు పేరు పలకడానికే ఊపిరి సరిపోయేది కాదు: ఎలక్ట్రానిక్ సంగీత రచన, స్టూడియో నిర్మాణం. పాత వీణ మాష్టర్లు మా గదిని కరెంటు గది అనేవారు. ఆ గదికి పెద్ద ఫిలోమినాగారు. చర్చి కోయిరులో ఆర్గన్ వాయిస్తూ పెరిగి, పుణేలో సౌండు చదువుకుని వచ్చిన మనిషి. మొదటిరోజు దూదితో, స్పిరిటుతో నా సందుల్లోని కుంకుమంతా తీశారు. తెల్ల పట్టీల దగ్గరికొచ్చేసరికి మాత్రం చేయి ఆపి, చదివి, నవ్వుకుని వాటిని వదిలేశారు.

ఆవిడ పాఠం నాకు ఇప్పటికీ గుర్తే. వీణ నేర్చుకునేవాళ్ళకు వీణ శబ్దాన్ని ఎవరో ముందే తయారుచేసి ఇస్తారు, మీకు అలా ఎవరూ ఇవ్వరు, శబ్దాన్ని కూడా మీరే తయారు చేసుకోవాలి అనేవారు. సింథసైజరు మీద ఒక్క స్వరం నొక్కి పట్టి, అందులోని కరుకును కొంచెం కొంచెంగా కోసేస్తూ, అదే స్వరం తుమ్మెద రొదనుంచి వేణువు దాకా ఎలా మారుతుందో వినిపించేవారు. తర్వాత ప్రతివాళ్ళకూ ఒక పని పెట్టేవారు. సంగీతమని ఎవరూ అనని శబ్దం ఒకటి మీ ఊరినుంచి రికార్డు చేసుకురండి. దాంతో పాట కట్టండి.

అనకాపల్లినుంచి వచ్చిన తారకేశ్ బెల్లం దిమ్మలు లారీలో పడే చప్పుడు తెచ్చాడు. రుంకు సుగుణ తెచ్చింది మైకు కూత. మైకును స్పీకరు దగ్గరికి తీసుకెళితే చెవులు చిల్లులు పడేలా కుయ్‌మంటుంది చూశారా, అది. క్లాసంతా చెవులు మూసుకుంది. సుగుణ వాళ్ళ నాన్న ఆదినారాయణకు పలాసలో మైకుసెట్టు దుకాణం. పెళ్ళికీ చావుకీ మీటింగుకీ గొట్టం మైకులు కట్టే మనిషి. ఆ పిల్ల గొట్టాల మధ్యనే పెరిగింది. ఊరంతా తిట్టుకునే ఆ కూతను కంప్యూటరులో సాగదీసి, మంద్రానికి దించి, దాని చివరి ముక్కను ముందుకు అతికించి, తంబూరాలా నిలకడగా మోగే శ్రుతిగా మార్చింది. అది వినిపించిన రోజు ఫిలోమినాగారు కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టారు. ఆవిడకు బాగా నచ్చితే చేసే పని అది. నోటితో మెచ్చుకునేవారు కాదు.

శబ్దం తయారు చేయడంలో సుగుణను మించినవాళ్ళు ఆ క్లాసులో లేరు. నా ముందుకొచ్చి కూర్చుంటే మాత్రం ఏదో తేడా వచ్చేది. అందరూ నాకు ఎదురుగా కూర్చుంటే ఆమె కొంచెం పక్కకు తిరిగి, కుడి భుజం ముందుకు పెట్టి కూర్చునేది. ఎడమ, కుడి స్పీకర్లలోకి శబ్దం ఎంతెంత పోతోందో చూపించడానికి నాకు రెండు ముళ్ళున్నాయి. మిగతా పిల్లలు కళ్ళు మూసుకుని వింటే, సుగుణ ఆ ముళ్ళకేసి చూస్తూ నాబులు తిప్పేది. లెక్క తప్పేది కాదు. కానీ ఫిలోమినాగారు విని, వాయిద్యాలన్నిటినీ కుర్చీల్లో కూర్చోబెట్టావమ్మా, అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం లేదు అనేవారు. సుగుణ తలవంచుకునేది.

తారకేశ్ ఎప్పుడూ ఆమెకు ఎడమ పక్కన కూర్చునేవాడు. పాఠం మధ్యలో మెల్లగా ఏదో జోకు వేసేవాడు. ఆమె పలికేది కాదు. పెన్ను అడిగినా పలికేది కాదు. పలాస పిల్లకు పొగరని వాడు తీర్మానించుకున్నాడు. అయినా కుర్చీ మార్చలేదు. మగపిల్లల పట్టుదలలో ఆత్మగౌరవం పాలు ఎప్పుడూ కొంచెం తక్కువే.

రెండో ఏడాది వర్షాలప్పుడు అది జరిగింది. ఆరోజు స్టూడియో పొద్దుటి పూట సుగుణది, మధ్యాహ్నం తారకేశ్‌ది. పక్క గదిలో వీణ పరీక్ష జరుగుతోందని స్పీకర్లు పెట్టొద్దన్నారు. సుగుణ హెడ్‌ఫోన్లు పెట్టుకుని పొద్దుటంతా ఒక పాట కలిపింది. భోజనాల వేళకు తారకేశ్ వచ్చాడు. ఆమె పుస్తకాలు సర్దుకుంటుంటే వాడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని పాట నడిపించాడు. తీసి, దులిపి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇదేటిది, ఎడం పక్క అసలు రావట్లేదు. తీగ తెగిపోయినట్టుంది. పొద్దున్నుంచీ దీంతోనే చేసావా?"

సుగుణ చేతిలో పుస్తకాలు అలాగే ఉన్నాయి. నా ఫేడర్ల మీద ఒక చేయి ఆనించింది. ఆ వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"నాకు ఎడం పక్క ఎప్పుడూ రాదు" అంది.

ఏడేళ్ళ వయసులో గవదబిళ్ళలొచ్చాయట. జ్వరం తగ్గింది, బుగ్గల వాపు తగ్గింది. ఎడమ చెవి మాత్రం తిరిగి రాలేదు. ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. ఎవరికీ చెప్పొద్దని అమ్మ అంది. కాలేజీలో చెబితే చేర్చుకోరని తనే అనుకుంది. ఇదంతా ఆమె చాలా మామూలుగా చెప్పింది. తారకేశ్ బీరువాలోంచి టంకం కర్ర తీసి, తెగిన తీగ అతికించి, హెడ్‌ఫోన్లు కొక్కేనికి తగిలించి వెళ్ళిపోయాడు. మర్నాడు క్లాసుకొచ్చి, తన కుర్చీ ఎత్తుకుని, ఆమెకు కుడి పక్కన వేసుకుని కూర్చున్నాడు. ఏడాదిగా ఆమెకు వినపడకుండా పోయిన జోకులన్నీ ఆ వారంలో మళ్ళీ చెప్పేశాడు. వాటిలో చాలావాటికి సుగుణ నవ్వలేదు. అది చెవి దోషం కాదు.

వాడు చెప్పేస్తాడేమోనన్న భయం కాదు, రెండు చెవులున్నట్టు నటించడమే ఆమెకు బరువైపోయినట్టుంది. ఆ వారం చివర తనే ఫిలోమినాగారి దగ్గరికి వెళ్ళి చెప్పింది. మైకు ఒకటి తెరిచి ఉండడంవల్ల నాకు అంతా వినిపించింది. ఆవిడ ఓదార్చలేదు. ముందు కోపం వచ్చింది. ఎడమ వైపు విను, ఎడమ వైపు విను అని ఇన్నాళ్ళూ తను చెబుతూ వచ్చిన మాటలన్నీ ఆవిడకు గుర్తొచ్చినట్టున్నాయి. "నన్ను చూస్తే చెప్పాలనిపించలేదా" అని ఒక్క మాట అడిగి ఊరుకున్నారు. తర్వాత చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. నరం పోయింది, చేయగలిగిందేమీ లేదని ఆయన తేల్చాడు. కళాశాల పెద్దలు విని, జాలిపడి, గాత్రంలోకి మారిపొమ్మన్నారు. గాత్రానికి ఒక చెవి చాలని వాళ్ళకెవరు చెప్పారో నాకు తెలియదు.

ఆదినారాయణను పిలిపించారు. ఆయన స్టూడియోలోకి వచ్చి, చెప్పులు బయటే విడిచి, నాకేసి చూసి దణ్ణం పెట్టాడు. మైకుసెట్టు మనిషి కదా, నేనెవరో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"మా కొట్టుకి ఒక్క చెవి సాలుద్దండి. గొట్టం మోగతందా లేదా చూసుకోడమే గదా. దీనికి సాలదంటే చెప్పండి, పిల్లని తీసుకెల్లిపోతాను. మీ నోటంట ఆ మాట దానికి చెప్పకండి."

"నాను రాను నానా" అంది సుగుణ.

 ఫిలోమినాగారు, ఆఖరి పరీక్ష దాకా ఉండనివ్వండి, ఆ తర్వాత మీరు ఎలాగంటే అలాగే అన్నారు. ఆదినారాయణ తలూపాడు. నమ్మి కాదు, మర్యాదకి.

మర్నాడు ఆవిడ ఒక పని చేశారు. ఎడమ చెవిలో గట్టిగా దూది కుక్కుకుని, చేతి రుమాలు కట్టుకుని కాలేజీకి వచ్చారు. చెవిపోటని అందరికీ చెప్పారు. సాయంత్రం క్లాసయ్యాక సుగుణను కూర్చోబెట్టి, దూది తీసి బల్లమీద పెట్టి చెప్పారు. పొద్దున వరండాలో ఎవరో మేడమ్ అని పిలిచారట. ఎటునుంచో తెలియలేదట. ఒకసారి అటు, ఒకసారి ఇటు తిరిగారట. రోడ్డు దాటుతుంటే స్కూటరు హారను మోగింది, అది ఎక్కడుందో తెలియక మధ్యలో నిలబడిపోయారట.

"భయం వేసింది సుగుణా."

"అలవాటైపోద్ది మేడమ్" అంది సుగుణ. ఆ గదిలో ఆమె మనస్ఫూర్తిగా నవ్వడం నేను వినడం అదే మొదలు.

"మరి నువ్వు ఎలా తెలుసుకుంటావు?"

సుగుణ ఆలోచించింది. "ఎటునుంచన్నది నాకు తెలీదు మేడమ్. దగ్గరా దూరమా అన్నది తెలుస్తాది. దగ్గర మనిషి మాట్లాడితే మాటకి ముందు ఊపిరి ఇనిపిస్తాది. దూరమోళ్ళ మాటకి ఊపిరుండదు, గాలుంటాది. గోడ అవతలున్నోళ్ళ మాటకి అంచులుండవు. మా యమ్మ జీడిపప్పు షెడ్డునుంచి వస్తా నన్ను పిలిస్తే, వీధి మలుపులో ఉందో, నూతి కాడుందో, గుమ్మంలో ఉందో నాకు తెలిసిపోతాది. ఏ పక్కనుందో తెలీదంతే."

ఫిలోమినాగారు కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టారు.

నా మీద కుడి చివర మోనో అనే చిన్న బటన్ ఒకటుంది. నొక్కితే కుడి ఎడమలు రెండూ కలిసి ఒక్కటైపోతాయి. పాట అంతా ఒకే చోటనుంచి వస్తుంది. ఎవరూ దాన్ని పెద్దగా వాడరు. ఆవిడ దాన్ని నొక్కి, ఇక నీకు పాఠం ఇదీ అన్నారు. పక్కలు చూడొద్దు, ముళ్ళు చూడొద్దు. అన్ని వాయిద్యాలూ ఒకే ఇరుకు ద్వారంలోంచి రావాలి, అయినా ఎవరూ ఎవరినీ తొక్కకూడదు. ఏది గుమ్మంలో ఉండాలి, ఏది నూతి దగ్గర ఉండాలి, ఏది వీధి మలుపులో ఉండాలి, నువ్వే చెప్పు.

అప్పటినుంచి సుగుణ నాకు ఎదురుగా, తిన్నగా కూర్చుంది. ఒక శబ్దాన్ని దగ్గరికి తేవాలంటే గట్టిగా పెట్టడం ఒక్కటే మార్గం కాదని, దాని పదునును కాస్త పెంచి ప్రతిధ్వనిని తీసేస్తే అదే ముందుకొస్తుందని, దూరం పంపాలంటే కరుకు కోసి, గదిగాలి కలపాలని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. పేర్లు మాత్రం నేర్చుకోవాల్సి వచ్చింది. చెవికి ముందే తెలిసిన సంగతులకు పేర్లు దొరుకుతుంటే ఆ మొహంలో వెలుగు చూడాల్సింది. నాకు కళ్ళు లేవంటారేమో. వేళ్ళలో తెలుస్తుంది.

తారకేశ్ కూడా పక్కనే ఉండేవాడు. తన పాటలో బెల్లం దిమ్మల చప్పుడు ఎడమనుంచి కుడికి, కుడినుంచి ఎడమకు బంతిలా ఎగురుతుండేది. నీది బాగుంది గానీ ఎక్కడా నిలబడదేటి అని సుగుణ అడిగింది. ఆ మాట వాడికి గుచ్చుకుంది. ఎగరడం సగం తగ్గించాడు. పాట రెండింతలు బాగుపడింది.

ఆఖరి పరీక్షకు చెన్నైనుంచి ఒక సౌండు ఇంజనీరుగారు వచ్చారు. ఎక్కువ మాట్లాడని మనిషి. ప్రతి విద్యార్థీ తను కట్టిన పాటను ఆయన ముందే నా మీద కలిపి వినిపించాలి. సుగుణ తన పాటకు దూరం అని పేరు పెట్టింది. అందులో మైకు కూతతో చేసిన శ్రుతి ఉంది, పలాస స్టేషనులో ఆగి కదిలే రైలుంది, జీడిగింజలు పగలగొట్టే ఆడవాళ్ళ చేతి చప్పుడు తాళంగా ఉంది. మొదట అన్నీ రెండు స్పీకర్ల నిండా పరుచుకుని వచ్చాయి. ముళ్ళు చూసి, తారకేశ్‌ను అడిగి, కష్టపడి పరిచిందవి. ఇంజనీరుగారు తలూపుతూ వింటున్నారు. ఒక చోట రైలు వెళ్ళిపోయింది. సుగుణ చేయి చాచి మోనో బటన్ నొక్కింది.

గదిలో పరుచుకున్నదంతా ఒక్క చోటికి ముడుచుకుంది. వెనక నిలబడ్డ పిల్లల్లో ఎవరో ఉలిక్కిపడి స్పీకరు పాడైందేమోనని చూశారు. పాడవలేదు. ఆ ఇరుకులోంచి జీడిగింజల తాళం వచ్చింది, దాని వెనక ఎక్కడో శ్రుతి, ఇంకా వెనక ఒక ఆడమనిషి గొంతు. సుగుణా అని పిలుస్తోంది. మొదటిసారి ఊరి చివర. రెండోసారి వీధి మలుపులో. తాళం ఆగిపోయింది. మూడోసారి పిలుపు కంటే ముందు, నడిచొచ్చిన అలుపుతో తీసుకున్న ఊపిరి వినిపించింది. ఆ తర్వాత పిలుపు రాలేదు. పాట అక్కడ అయిపోయింది.

ఇంజనీరుగారు మళ్ళీ పెట్టమన్నారు. మళ్ళీ విన్నారు. బటన్ ఎందుకు నొక్కావని అడిగారు. తన చెవి సంగతి సుగుణ చెప్పింది. ఆయన ఇబ్బందిగా కుర్చీలో కదిలి, "ఇది చాలా బాగుంది. కానీ నేను పరీక్ష చేయాల్సింది స్టీరియో, రెండు పక్కల పని" అన్నారు. నిజాయితీపరుడు. చిత్తం ఒకటి చెబుతుంటే చేయి రూలు ప్రకారం మార్కులు వేసింది. సుగుణ ప్యాసైంది, అంతే. మొదటి స్థానం తారకేశ్‌కు వచ్చింది. వాడు రెండు రోజులు ఆ గదిలోకి రాలేదు. వచ్చాక ఆమె కుడి పక్కన కూర్చుని, అది నీది అన్నాడు. ఎగిరే బెల్లానికి ఇచ్చారు, ఉంచుకో అంది.

ఫలితాలొచ్చిన మర్నాడు ఆదినారాయణ వచ్చాడు. ట్రంకు పెట్టె కట్టడానికి తాడు కూడా తెచ్చుకున్నాడు. ఫిలోమినాగారు ఏమీ వాదించలేదు. ఆయన్ని స్టూడియో కుర్చీలో కూర్చోబెట్టి, మీ అమ్మాయి చేసిందొకటి విని వెళ్ళండి అన్నారు. సుగుణను వాకిట్లోనే ఉండమన్నారు.

ఆయన గొట్టం మైకు సరిచూసే మనిషిలాగే విన్నాడు. చేతులు కట్టుకుని, భుజాలు బిగించి, తప్పు ఎక్కడ దొరుకుతుందా అని. కూత శ్రుతైన చోట మాత్రం పెదవి కొంచెం కదిలింది. తన దుకాణం సంగతి ఆయనకు తెలిసిపోయింది. రైలు వెళ్ళింది, పాట ముడుచుకుంది, జీడిగింజలు పగిలాయి. పిలుపు ఊరి చివరనుంచి వచ్చింది. వీధి మలుపులోకి వచ్చింది. ఆ తర్వాత ఆ ఊపిరి.

ఆదినారాయణ గభాలున వెనక్కి తిరిగి గుమ్మంకేసి చూశాడు.

"మీ యమ్మ కూడా వచ్చినాదేటి?"

గుమ్మంలో సుగుణ ఒక్కతే నిలబడి ఉంది. ఆయన ఆమెను చూశాడు, స్పీకరును చూశాడు, మళ్ళీ ఆమెను చూశాడు. లేచి కండువాతో మొహం తుడుచుకున్నాడు. తాడు చుట్ట నా మీద పెట్టి, మర్చిపోయి, అక్కడే తిరుగుతూ వెతుక్కున్నాడు. దొరికాక దాన్ని చంకలో పెట్టుకున్నాడు.

"నాను ఒక్కడినే ఎల్తానమ్మా. నువ్వుండు" అన్నాడు.

సుగుణ ఆ తర్వాత హైదరాబాదు వెళ్ళింది. డబ్బింగ్ థియేటరులో నటుల మాటలు రికార్డు చేసి కూర్చే పని దొరికింది. సినిమాలో పాటలు, పోరాటాలు, వాన, గుర్రాలు తెర రెండు పక్కలా ఎంత పరుగెత్తినా, మనిషి మాట మాత్రం నట్టనడుమనే ఉంటుంది. కుడి ఎడమలతో దానికి పని లేదు. మాట దగ్గరగా ఉందా, దూరంగా ఉందా, గోడ అవతల ఉందా అన్నదే ముఖ్యం. మొదట్లో ఆమె చెవి సంగతి తెలిసి వెనకాడినవాళ్ళు, తర్వాత కష్టమైన సీన్లు ఆమెకోసం ఆపి ఉంచేవారట. ఇవన్నీ ఫిలోమినాగారు కొత్త పిల్లలకు చెబుతుంటే విన్నాను. తారకేశ్ ఇప్పటికీ ఆమెతో ఫోనులో మాట్లాడేటప్పుడు కుడి చెవిలో పెట్టుకున్నావా అని అడుగుతాడని కూడా విన్నాను.

ఏళ్ళు గడిచాయి. ఎంతోమంది పిల్లలు వచ్చారు, నాబులు తిప్పారు, వెళ్ళారు. ఫిలోమినాగారు రిటైరయ్యారు. ఆ సభలో వీణ మాష్టర్లు కూడా మాట్లాడారు, కరెంటు గది అనకుండా. పిల్లల ఒళ్ళో ఇమిడే కంప్యూటర్లలోకే స్టూడియో అంతా వచ్చేసింది. వాటి తెర మీద నా బొమ్మే ఉంటుంది, అవే ఫేడర్లు, అవే నాబులు. వాళ్ళు వేలితో ఆ బొమ్మను తోస్తే శబ్దం పెరుగుతుంది. గరగర ఉండదు. గరగర కావాలంటే దానికి వేరే బటన్ ఉందట.

నన్ను కింది అంతస్తు హాల్లో గోడవారగా పెట్టారు. చుట్టూ అద్దం పెట్టె, దాని మీద తాకరాదు అని ఒక అట్ట. వేళ్ళు తప్ప వేరే చుట్టాలు లేని నాకు ఆ అట్ట చూస్తే నవ్వొస్తుంది. నా గురించి రాసిన రెండు వాక్యాల్లో పుట్టిన దేశం తప్పు. ఒక ఎండాకాలం పిల్లలు క్రికెట్ ఆడుతుంటే అద్దం పగిలింది. కొత్తది వేయిస్తామన్నారు, వేయించలేదు. ఆ బంతికి నేను రుణపడి ఉన్నాను.

ఎందుకంటే అద్దం పోయాక పైడితల్లి నన్ను తుడవడం మొదలుపెట్టింది. హాలు ఊడ్చే మనిషి. నేనేమిటో ఆమెకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. తడిగుడ్డతో అడ్డంగా ఒక పట్టు పడుతుంది. ఆ పట్టుకు రోజూ ఫేడర్లు ఒకటి పైకి, ఒకటి కిందికి జరుగుతాయి. గాత్రం ఒకరోజు అందరికంటే పైన ఉంటుంది, మర్నాడు తబలా. నాలో కరెంటు లేదు కనుక ఏమీ వినిపించదు. అయినా ఈ పొందికలో ఎవరైనా పాడితే ఎలా ఉంటుందోనని నాకు నేను అనుకుంటూ పొద్దు పుచ్చుతాను. ఇన్నేళ్ళలో మనుషులు నామీద చేసిన పొందికల్లో కొన్ని దీనికంటే మేలేమీ కాదు.

నిన్న పండగ సెలవులకు ముందు ఆమె ఎక్కువసేపు తుడిచింది. అంతా అయ్యాక కొంచెం వెనక్కి జరిగి చూసింది. ఫేడర్లు ఎగుడుదిగుడుగా ఉండడం నచ్చలేదు కాబోలు, చీర కొంగు దోపుకుని మళ్ళీ దగ్గరికొచ్చింది. ఒక్కొక్కటిగా అన్నిటినీ పట్టుకుని మెల్లగా కిందిదాకా లాగి, వరుసగా సర్దింది.

స్టూడియోలో ఆ పని రోజు చివర చేస్తారు. పాట అయిపోయింది, బాగా వచ్చింది, ఇక ఇంటికి వెళ్ళొచ్చు అని దాని అర్థం.

ఆమె గుడ్డ పిండుకుని, లైటు తీసేసి వెళ్ళింది.